పన్నెండు దాటిన ఫైళ్ళు

మార్చి 4

నానమ్మకి,

ఫోను చేస్తే తిడతావని ఉత్తరమే రాస్తున్నాను. "ఫోన్లో చెప్పింది గాల్లో కలుస్తుంది, కాగితం మీద పెట్టు" అని నువ్వు అన్నప్పటినుంచీ మా డిపో ఎదురుగా ఉన్న తపాలా పెట్టెకి నేనొక్కదాన్నే దిక్కు.

ఉద్యోగంలో చేరి పది నెలలైంది. ప్రొబేషను మే నెలాఖరుతో అయిపోతుంది. నేను కొత్తగా వేసిన టైమ్‌టేబుల్ ఫిబ్రవరి ఒకటినుంచి నడుస్తోంది. ఆరో నంబరు రూటులో నాలుగు బస్సులు చేసే పని ఇప్పుడు మూడు చేస్తున్నాయి. మేనేజరు అందరిముందూ మెచ్చుకున్నాడు. దాని ఫలితమే అనుకుంటా, నన్ను విచారణ కమిటీలో వేశారు. సిబ్బంది తప్పు చేస్తే పిలిచి అడిగి శిక్ష వేసే కమిటీ ఇది. మొత్తం ముగ్గురం. ఛైర్మను, స్టోర్స్ ఆఫీసరు, నేను.

నిన్న మొదటిసారి కూర్చున్నాం. ఐదు కేసులు. పదింపావుకి క్లీనరు వచ్చాడు, డ్యూటీకి ఆలస్యంగా వస్తున్నాడట. మందలించి పంపాం. పది నలభైకి బస్సు అద్దం పగలగొట్టిన డ్రైవరు, పదకొండూ ఇరవైకి ప్రయాణికుడితో పోట్లాడిన కండక్టరు. వాళ్ళకీ మందలింపే. ఛైర్మను అయితే కండక్టరుతో జోకులు కూడా వేశాడు. పన్నెండూ ఇరవై ఐదుకి చెప్పకుండా సెలవు పెట్టిన మెకానిక్కు, పది రోజుల సస్పెన్షను. చివరికి ఒంటిగంటా ఇరవైకి ఆరో నంబరు డ్రైవరు. ప్రయాణికులతో నిండిన బస్సుని దారిలో పదకొండు నిమిషాలు ఆపేసి దిగిపోయాడట. డిపోలో అందరూ ఈయన్ని మూడుమాటలాయన అంటారు, రోజుకి అంతకంటే ఎక్కువ మాట్లాడడని. "ఆపావా?" అన్నాడు ఛైర్మను. "ఆపానండి" అన్నాడు. అంతే. "ఇంకెందుకు సాగదీయడం, రాసేయండి" అన్నాడు ఛైర్మను. ఉద్యోగంలోంచి తీసేశాం. రిటైరవడానికి రెండేళ్ళుంది. ఆరు నిమిషాల్లో అయిపోయింది.

మేం కూర్చునే గది క్యాంటీన్ పక్కనే. ఒంటిగంటనుంచీ వేయించిన ఉల్లిపాయల వాసన. కడుపులో ఎలకలు పరిగెత్తాయంటే నమ్ము.

నా సంతకానికి విలువున్న మొదటి రోజు కాబట్టి నీకు చెప్పాలనిపించింది.

నీ మనవరాలు,
పిడుగు


మార్చి 9

పిడుగుకి,

ఉత్తరం ఏడో తేదీన అందింది. అక్షరం బాగుంది. "సస్పెన్షను" రెండుచోట్ల రెండు రకాలుగా రాసి కొట్టేశావు. కొట్టేసేటప్పుడు ఒక్క గీత చాలు.

నీ ఉత్తరంలో ఐదు వేళలూ, ఐదు తీర్పులూ ఉన్నాయి. వాటిని ఒక కాగితం మీద ఎక్కించాను. నువ్వు కూడా ఎక్కించి చూసుకో. పొద్దు ఎక్కేకొద్దీ శిక్ష పెరిగింది. తప్పు పెరిగిందా? అద్దం పగలగొట్టినవాడికి మందలింపు, పదకొండు నిమిషాలు ఆపినవాడికి బతుకుతెరువు పోవడం. ఈ తేడా నేరాల్లో ఉందా, గడియారంలో ఉందా?

హాస్టల్ వార్డెనుగా ముప్పై ఒక్క ఏళ్ళు నేను రోజూ రాసిన పుస్తకాలు ఇంకా అటక మీద ఉన్నాయి. భోజనం గంట ఎన్నింటికి కొట్టారు, పళ్ళాల్లో ఎంత మిగిలింది, ఆ రోజు నా దగ్గరికి వచ్చిన తగాదాలెన్ని. ఒకటి దింపించి చూశాను. నూట పది రోజుల టర్ము. రాత్రి భోజనం అరగంటకు మించి ఆలస్యమైన రోజులు పదిహేడు. మొత్తం తగాదాలు నలభైమూడు, అందులో ముప్పై ఒకటి ఆ పదిహేడు రోజుల్లోవే. దువ్వెన ఎవరిదన్న విషయం మీద ఇద్దరు పిల్లలు జుట్లు పట్టుకున్నారు. భోజనం తర్వాత పిలిచి అడిగితే, ఆ దువ్వెన ఎవరిదో ఇద్దరికీ గుర్తు లేదు.

ఆకలితో ఉన్న ముగ్గురిని ఒక మనిషి బతుకుమీద తీర్పుకి కూర్చోబెట్టవద్దు.

ఇంకొకటి. ఆయన బస్సు ఎందుకు ఆపాడు? నీ ఉత్తరంలో లేదు.

నానమ్మ


మార్చి 15

నానమ్మకి,

నేను వేళకి తింటున్నానో లేదో అడగాలంటే నేరుగా అడగొచ్చు కదా, ఇంత చుట్టు తిరగాలా? తింటున్నాను. రాత్రిళ్ళు రొట్టె, గుడ్లు. పళ్ళు కూడా.

నిజం చెప్పాలంటే నీ ఉత్తరం చదివి ఒళ్ళు మండింది. ముగ్గురు చదువుకున్నవాళ్ళం, ఉల్లిపాయల వాసనకి న్యాయం అమ్ముకున్నామన్నట్టు రాశావు. నువ్వు చెప్పింది తప్పని నిరూపించడానికే పాత రిజిస్టరు తీయించాను. మా స్టెనో ప్రతి కేసుకీ టైము వేస్తుంది. ఏడాదిలో ముప్పై ఎనిమిది కేసులు. పన్నెండులోపు విన్నవి ఇరవై ఆరు, వాటిలో సస్పెన్షను, తొలగింపు కలిపి మూడు. పన్నెండు దాటినవి పన్నెండు, వాటిలో తొమ్మిది.

మళ్ళీ లెక్కపెట్టాను. తొమ్మిదే.

ఛైర్మనుకి చూపించాను. "ఎవరు చెప్పారమ్మా నీకీ లెక్క?" అన్నాడు. మా నానమ్మ అన్నాను. "ఆవిడేం చేస్తుంటారు, వంటలా?" అన్నాడు. స్టోర్స్ ఆఫీసరు కుర్చీలోంచి పడిపోయేంత నవ్వాడు. "అయితే మనల్ని తిట్టే బదులు ఏదైనా పంపమనవోయ్!"

సరే చూద్దామనుకున్నాను. నిన్నటి కమిటీకి పెద్ద డబ్బా పట్టుకెళ్ళాను. పొద్దున్నే లేచి గుడ్లు ఉడికించి, రొట్టెలకి వెన్న రాసి, అరటిపళ్ళు, వేయించిన వేరుశెనగలు కూడా పెట్టాను. పదకొండున్నరకి మూత తీశాను. ఛైర్మను రెండో గుడ్డు వలుస్తున్నప్పుడు మూడుమాటలాయన మళ్ళీ విచారణ కోరుతూ పెట్టుకున్న అర్జీ ముందు పెట్టాను. "ఇదెవరిది?" అన్నాడు. చెప్పాను. "పెద్దవాడు పాపం, ఇవ్వండి ఒక అవకాశం" అని, వేలికంటిన వెన్న తుడుచుకుని సంతకం పెట్టేశాడు. అర్జీ చదవను కూడా లేదు!

ఏప్రిల్ పదకొండున విచారణ. ఆ రోజు కేక్ కూడా చేద్దామనుకుంటున్నాను. నీ మాట నెగ్గింది, సంతోషమేనా?

పిడుగు


మార్చి 20

పిడుగుకి,

సంతోషం లేదు.

నా మార్చి తొమ్మిది ఉత్తరానికి నకలు నా దగ్గర ఉంది. ఆకలితో ఉన్నవాళ్ళను తీర్పుకి కూర్చోబెట్టవద్దని రాశాను. వేళ మార్చమని దాని అర్థం. నువ్వు వేళ మార్చలేదు, డబ్బా తీసుకెళ్ళావు. కమిటీలో ముగ్గురిలో ఒకరు మిగతా ఇద్దరికీ స్వయంగా వండి పెడితే, ఆ ఇద్దరూ ఆ రోజు ఎవరి మాట కాదనగలరు? చేతిలో నీ గుడ్డు పెట్టుకుని నీ కాగితాన్ని తిప్పిపంపడానికి ఛైర్మనుకు మొహం చెల్లాలి కదా. ఆకలిమీద చదవకుండా తీసేశాడు, తిండిమీద చదవకుండా క్షమించాడు. రెండుసార్లూ చదవలేదు.

హాస్టల్లో ఒక వంటామె ఉండేది. పనిమంతురాలు. తనకు నచ్చిన పిల్లలకు పైన మీగడ వేసేది. నెల తిరిగేసరికి ఆ పిల్లలు ఆమె బట్టలు ఉతుకుతున్నారు. ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేదు. మీగడను నా ఎదుటే కొలిచి వెయ్యమని ఆజ్ఞ వేశాక ఉతకడం ఆగింది. వంటామె నాతో ఏడాది మాట్లాడలేదు.

కేక్ చెయ్యవద్దు.

ఆయన బస్సు ఎందుకు ఆపాడని అడిగాను. నువ్వు ఏం తింటున్నావో రాశావు. ఇది రెండోసారి అడగడం.

నానమ్మ


మార్చి 27

నానమ్మకి,

రెండు రోజులు నీ ఉత్తరానికి జవాబు రాయకూడదనుకున్నాను. మంచి చేయబోతే లంచగొండిని చేశావు. మూడో రోజు ఆఫీసులో ఎవరూ లేనప్పుడు ఫైలు తీశాను, నీ ప్రశ్న నోరు మూయిద్దామని.

కమిటీలో ఉన్నదాన్ని కాబట్టి ఆయన్ని వేరుగా కలవకూడదు. ఫైల్లో ఫిర్యాదు కాగితం ఉంది. మేం మొదటి పేజీ చూశాం. రెండో పేజీ కూడా ఉంది. ఒక ప్రయాణికురాలు రాసింది. "ఫిబ్రవరి 19 మధ్యాహ్నం 1.52కి డ్రైవరు బస్సు పక్కకి తీసి, ఇంజను ఆపి, ఎవరితో ఏమీ చెప్పకుండా దిగి, స్టాపు గోడ వెనక కూర్చుని డబ్బా విప్పి తిన్నాడు. మేము కేకలు వేస్తున్నా లేవలేదు. చేతులు వణుకుతున్నట్టు నటించాడు."

ఆయన డ్యూటీ పొద్దున ఏడున్నరకి మొదలు. పాత టైమ్‌టేబుల్ తెచ్చి పక్కన పెట్టుకున్నాను. ఆరో నంబరు బస్సు పన్నెండూ నలభైకి చివరి స్టాపు చేరి ఇరవై నిమిషాలు ఆగేది. కొత్తదాంట్లో చేరిన వెంటనే తిరుగుతుంది. మళ్ళీ ఆగేది మూడున్నరకి, డిపోలో.

కొత్తది వేసింది నేను. నాకా ఇరవై నిమిషాలు చార్టులో తెల్లగా కనిపించాయి నానమ్మా. పక్కన ఏమీ రాసి లేదు. ఖాళీ అనుకున్నాను. ఆ ఖాళీలు కలిపే ఒక బస్సు మిగిల్చాను.

కమిటీలో ఎవరికీ ఇది తెలీదు. ఆయనకి తెలుసో లేదో నాకు తెలీదు. తెలిసీ ఆ రోజు నా మొహం మీద చెప్పలేదేమో. పదకొండో తేదీన నేనే చెబితే ప్రొబేషను సంగతేమవుతుందో చెప్పలేను. చెప్పకపోతే ఆయన మళ్ళీ "ఆపానండి" అంటాడు.

ఏం చెయ్యను? ఈసారి పట్టిక వద్దు. సలహా చెప్పు.

పిడుగు


ఏప్రిల్ 1

పిడుగుకి,

రక్తపరీక్షకు వచ్చి ల్యాబు వరండాలో బెంచీమీద కూర్చుని రాస్తున్నాను. ఎనిమిదికి రమ్మన్నారు. ఇంకా పిలవలేదు.

సలహా అడిగావు. నోరెత్తకు. ఆ డ్రైవరు నీకు చుట్టమా పక్కమా? గోడ వెనక కూర్చుని తిన్నవాడు ఆ మాట విచారణలో చెప్పుకోవచ్చు, నోరుంది కదా. అర్ధశతాబ్దం పైబడిన మనిషి తన ఆకలి తాను చెప్పుకోలేకపోతే నువ్వు చెప్పాలా? నిన్ను చదివించడానికి మీ నాన్న ఎన్ని డ్యూటీలు చేశాడో నాకు తెలుసు. ఆ ఉద్యోగం పోగొట్టుకుని నా దగ్గరికి రావద్దు. ఎవరికి వారు చూసుకోవాలి. లోకం అలాగే నడుస్తోంది. ఆ పాత టైమ్‌టేబుల్ ఎక్కడ దొరికిందో అక్కడ పెట్టేసి రా.

ఈ ల్యాబులో ఒక్కరికీ పద్ధతి లేదు.

నానమ్మ


ఏప్రిల్ 2

అదే కాగితం వెనక రాస్తున్నాను. ముందువైపు రాసింది చించలేదు. కొట్టెయ్యలేదు. రెండూ చదువు.

నిన్న ఆ ఉత్తరం మొదలుపెట్టింది పదకొండూ నలభైకి. అంతకు ముందు తిన్నది మొన్న రాత్రి ఎనిమిదికి. పరీక్షకు ఏమీ తినకూడదన్నారు. పదిహేను గంటల నలభై నిమిషాలు. రక్తం తీసే అమ్మాయిని "చదువు రానిదానా" అన్నాను. ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుని, "అయిపోయింది బామ్మగారూ, ముందేదైనా తినండి, తర్వాత తిడుదురుగాని" అంది. ఇంటికి వచ్చి భోజనం చేసి, పడుకుని లేచి, ఉత్తరం అతికించబోతూ ఒకసారి చదివాను. అక్షరం నాదే. మిగతాదేదీ నాది కాదనిపించింది.

ఈ పొద్దున వెళ్ళి ఆ అమ్మాయికి క్షమాపణ చెప్పాను. ఎందుకో ఆమెకు గుర్తు లేదు.

ఇంకొక సంగతి కూడా రాయాలి. హాస్టల్లో పిల్లలందరూ తిన్నాకే నేను తినేదాన్ని. అది నా నియమం, గర్వం కూడా. తగాదాలు విని శిక్షలు వేసేది వాళ్ళు తింటుండగానే, అంటే నేను తినకముందు. ముప్పై ఒక్క ఏళ్ళు అంతే. నూట ఎనభై మంది పిల్లల పళ్ళాలకు లెక్క ఉంది. నా పళ్ళానికి లెక్క రాయలేదు. ఇప్పుడు చూద్దామన్నా ఏ పుస్తకంలోనూ లేదు.

సలహా ఇదిగో. విచారణ భోజనం తర్వాత పెట్టించు. ఎవరి తిండి వాళ్ళను తిననీ. తర్వాత నువ్వు చెప్పాలో వద్దో తేల్చుకో. నువ్వు కూడా తినే తేల్చుకో. తిన్న తర్వాత కూడా వద్దనిపిస్తే చెప్పకు. నేను ఏమీ అనను.

నానమ్మ


ఏప్రిల్ 13

నానమ్మకి,

రెండువైపులా చదివాను. నీ అక్షరం ముందువైపు కుడికి వాలింది, వెనకవైపు నిలబడింది. ఏ వైపు పాటించాలో నువ్వు చెప్పక్కర్లేకపోయింది.

విచారణ రెండున్నరకి మార్పించాను. స్టెనో సంతోషించింది, తనకీ ఇన్నాళ్ళూ భోజనం చల్లారిపోయేదట. ఆ సంగతి మాకెవరికీ తట్టలేదు. క్యాంటీన్లో ఎవరి డబ్బులతో వాళ్ళు తిన్నాం. నేను రెండోసారి కూడా వడ్డించుకున్నాను. తిన్నాక భయం తగ్గుతుందనుకున్నాను, తగ్గలేదు. కానీ చెప్పాలన్నది కూడా తగ్గలేదు.

మూడుమాటలాయన యూనిఫాం లేకుండా తెల్లచొక్కాలో వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"బస్సు ఆపావా?" అన్నాడు ఛైర్మను.

"ఆపానండి."

ఛైర్మను పెన్ను తీశాడు. "ఎందుకు ఆపారు?" అన్నాను నేను.

"చేతులు తిమ్మిరెక్కాయండి. స్టీరింగు నిలవట్లేదు. నలభైమంది ఉన్నారు వెనకాల. రెండు ముద్దలు తింటే సర్దుకుంటుందనిపించింది."

"మరి ఆ మాట మొన్ననే చెప్పొచ్చు కదయ్యా!" అన్నాడు స్టోర్స్ ఆఫీసరు.

"ఆకలేసి ఆపానంటే నవ్వుతారని, సార్."

ఎవరూ నవ్వలేదు. ఛైర్మను అద్దాలు తీసి, "అదేంటయ్యా, పన్నెండూ నలభైకి నీకు హాల్టు ఉంటుందిగా, నేను డిపో చూసినప్పటినుంచీ ఉంది" అన్నాడు. మూడుమాటలాయన నా వైపు చూడలేదు. అప్పుడు రెండు టైమ్‌టేబుళ్ళూ బల్లమీద పరిచి, తీసేసింది నేనేనని చెప్పాను. మొదటి విచారణలో సంతకం పెట్టినప్పుడు ఫిర్యాదు రెండో పేజీ చదవలేదని కూడా చెప్పాను.

"భోజనం చేసి కాస్త కునుకుపట్టే వేళకి ఇదేంటమ్మా" అన్నాడు ఛైర్మను. కానీ రెండు చార్టులూ దగ్గరికి లాక్కుని వేలు పెట్టి చదివాడు. నలభై నిమిషాలు చదివాడు. అన్ని రూట్లూ.

ఆయన్ని ఉద్యోగంలోకి తిరిగి తీసుకున్నారు. ప్రయాణికులకి చెప్పకుండా దిగినందుకు ఒక ఇంక్రిమెంటు ఆపారు. నాకు అది అన్యాయమనిపించింది, ఆయన మాత్రం "సరేనండి" అన్నాడు. నన్ను కమిటీలోంచి తీసేశారు. ప్రొబేషను ఆరు నెలలు పెంచారు. నెలరోజులు ఆరో నంబరు బస్సులో పొద్దున్నుంచి సాయంత్రం దాకా తిరిగి టైమ్‌టేబుల్ మళ్ళీ వెయ్యమన్నారు.

బయటికి వచ్చాక ఆయనకి క్షమించమని చెప్పబోయాను. సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

పిడుగు


మే 6

నానమ్మకి,

ఇరవై రెండు రోజులుగా ఆరో నంబరులో తిరుగుతున్నాను. నడుం పడిపోయింది. మూడుమాటలాయన వెనక సీటు నాది. ఆయన పలకరించడు, నేనూ పలకరించను. చార్టులో కనిపించనివి చాలా ఉన్నాయి ఈ రూట్లో. బడి దగ్గర పిల్లలు ఎక్కడానికి మూడు నిమిషాలు పడుతుంది, నేను ఒకటి వేశాను. వంతెన దగ్గర ఒక ముసలాయన రోజూ చెయ్యెత్తుతాడు, ఎక్కడు. అయినా బస్సు ఆగుతుంది.

చివరి స్టాపులో ఆగుతున్నాం ఇప్పుడు. ఆయన గోడ నీడలో కూర్చుని డబ్బా విప్పుతాడు. నేను బస్సులోనే నాది తింటాను. ఆయన నన్ను రమ్మనలేదు. నేను వెళ్ళలేదు. పిలవకపోతేనే మంచిదనిపించింది, నువ్వు రాసిన మీగడ సంగతి చదివాక.

అన్నీ సర్ది చూస్తే ఈ రూట్లో హాల్టుకి పద్దెనిమిది నిమిషాలు ఇవ్వగలను, ఇరవై రావు. అదే చార్టులో వేసి నిన్న డిపో గోడకి అంటించాను, ఎవరికైనా అభ్యంతరాలుంటే చెప్పమని. ఇవాళ హాల్టు దగ్గర ఆయన డబ్బా మూసి, చేతులు కడుక్కుని, కిటికీ దగ్గరికి వచ్చాడు.

"మేడం, పద్దెనిమిది ఎక్కువండి. పదిహేను చాలు."

ఇరవై రెండు రోజుల్లో నాతో అన్న మొదటి మాట. చూస్తానన్నాను. నిజంగానే పదిహేను నిమిషాల్లో తినేస్తాడు, రోజూ గడియారం చూస్తున్నాను. మూడు తీసేస్తే సాయంత్రం ట్రిప్పు తేలికవుతుంది. ఆయనే వద్దంటున్నాడు కదా. తీసెయ్యనా?

పిడుగు


మే 11

పిడుగుకి,

ఉత్తరం తొమ్మిదిన అందింది. రెండు రోజులు ఆలోచించాను. ఇది రాసేటప్పటికి భోజనమై గంట దాటింది.

తీసెయ్యవద్దు. పదిహేను చాలన్నది ఆయన మర్యాద. గడియారం చూస్తున్నది నువ్వు. పైఅధికారి కిటికీలోంచి చూస్తుంటే ఎవరైనా తొందరగానే తింటారు. రేపటినుంచి బస్సు దిగి, ఆ గోడ కనపడని వైపు కూర్చో.

ఆ తర్వాత కూడా పదిహేనే పడితే, పదిహేను తినడానికి వెయ్యి. మిగిలిన మూడు నిమిషాలూ ఒక మనిషి తిన్న తర్వాత ఏమీ చెయ్యకుండా కూర్చోవడానికి. చార్టులో దానికి పేరు పెట్టు. ఏమీ రాయకుండా తెల్లగా మాత్రం వదలకు.

నానమ్మ